పాత ఎంజీబీని ఇంటి దగ్గర ఎత్తేటప్పుడు జాకీ ఎక్కడ ఆనించాలి?

లాసన్స్ బే రోడ్‌స్టర్

మా పెదనాన్నగారి 1967 నాటి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ కడ్డీలకు గ్రీజు పెట్టి, వెనుక బ్రేకులు విప్పి చూద్దామని గత ఆదివారం సిల్ (తలుపు కింద పొడవునా ఉండే రేకు పెట్టె) కింద ఉండే జాకీ చోటులో ట్రాలీ జాకీ ఆనించి ఎత్తడం మొదలుపెట్టాను. నాలుగైదు సార్లు పంపు కొట్టేసరికి అప్పడం విరిగినట్టు చప్పుడైంది, తుప్పు పొలుసులు నేల మీద రాలాయి. చక్రం ఇంకా నేల వదలనే లేదు గాని, జాకీ తల మాత్రం సిల్‌లోకి రెండంగుళాలు దిగిపోయింది. వెంటనే దించేశాను. అప్పటి నుంచి అటువైపు తలుపు వెనుక అంచు దగ్గర రాసుకుంటోంది. ఈ కారును ఎక్కడ పట్టుకుని ఎత్తాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కంచరపాలెం గ్యారేజీ

తలుపు రాసుకుంటోందన్న మాటతోనే సంగతి తెలిసిపోతోంది. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీకి, అంతకు ముందరి ఎంజీఏకు ఉన్నట్టు విడి ఛాసిస్ (అడుగు చట్రం) లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌లో ముందు భాగాన్ని వెనుక భాగంతో కలిపి వంగకుండా నిలిపేవి ముఖ్యంగా తలుపుల కింది సిల్‌లే కాబట్టి, అవి లోపల తినేసి ఉంటే కారు నడుము జారి తలుపు సందు బిగుసుకుపోతుంది. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న మన ఊళ్లో ఉప్పు తేమ సిల్ లోపలికి చేరి అక్కడే నిలిచిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు కాగితమంత పలచబడి ఉంటుంది. అందుకే జాకీ పెట్టే ముందు ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పిడితో అక్కడ తట్టి చూస్తాను. మంచి రేకు ఖంగుమంటుంది, పోయిన రేకు డొల్లగా, మెత్తగా పలుకుతుంది.

ముందు వైపు ఎత్తాలంటే ఇంజను కింద అడ్డంగా ఉండే బలమైన క్రాస్‌మెంబరు మధ్యలో ఆనించండి, ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిల్ సంప్‌ను మాత్రం తాకనివ్వకండి. వెనుక వైపు ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ హౌసింగ్ (గేర్లుండే ఉబ్బెత్తు పెట్టె) కింద ఆనించవచ్చు. ఎత్తిన కారు బరువును మోసే స్టాండ్లను ముందు వైపు బాడీ అడుగునే పొడవునా పోయే దూలాల్లాంటి రైళ్ల కింద, వెనుక వైపు కమాన్ల (పట్టీ స్ప్రింగుల) ముందు కొసలు బిగించిన చోట పెట్టాలి. ఆ చోటు కూడా తుప్పు పట్టే చోటే కాబట్టి తట్టి చూశాకే పెట్టండి. అక్కడ నమ్మకం కుదరకపోతే ఇరుసు గొట్టాల కిందే నిలపండి. మీరు చూడదలచినవి బ్రేకులే కనుక దానితో పని జరిగిపోతుంది. ఆ సిల్ వెల్డింగ్ అయ్యేవరకు అక్కడ మళ్లీ జాకీ పెట్టకండి.

రిగ్గింగ్ పెద్దాయన

నేను ఓడలకు మరమ్మతులు చేసే చోట ముప్పై ఏళ్లు రిగ్గరుగా, అంటే పెద్ద బరువులు ఎత్తి దించేవాడిగా పనిచేశాను. మరమ్మతు కోసం ఓడను నిలిపే డ్రై డాక్‌లో నీరు తోడేశాక ఓడ బరువంతా దాని నడిమి అడుగు కింది కీల్ దిమ్మల మీద ఆగుతుంది, ఆ దిమ్మల పైవరుసలో మెత్తని చెక్క వేస్తారు. ఓడ అడుగు ఎక్కడ ఎత్తుపల్లాలుగా ఉంటే అక్కడ ఆ చెక్క కాస్త నలిగి దానికి అమరుతుంది. ఇంట్లో కారు ఎత్తేటప్పుడు కూడా ఇదే ఆలోచన పనికొస్తుంది. జాకీలో ఉన్నది నూనె, దాన్ని ఆపుతున్నది ఒక చిన్న రబ్బరు సీలు. అది ఎప్పుడు కారుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. బరువు స్టాండ్ల మీదకు దిగి, రెండు స్టాండ్లూ ఒకే మెట్టులో గట్టిగా కూర్చున్నాక, బయట నిలబడి కారును రెండు చేతులతో అటూ ఇటూ బలంగా ఊపి చూడండి. పడేదైతే మీరు కింద లేనప్పుడే పడుతుంది.

ఇటుకలు, సిమెంటు దిమ్మలు వాడవద్దు. అవి వంగవు, హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పగులుతాయి. జాకీ తలకూ కారుకూ మధ్య వేసేది ప్లైవుడ్డే అయి ఉండాలి. మామూలు పలక ఈనె వెంట చీలుతుంది, ప్లైవుడ్డులో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కనుక అంత తేలిగ్గా చీలదు.

సీతమ్మధార స్పిట్‌ఫైర్

నేల గురించి నేనొక మాట చెప్పాలి. ట్రాలీ జాకీ చేయి నిటారుగా లేవదు, వంపుగా లేస్తుంది. అందువల్ల కారు లేచే కొద్దీ జాకీ తన చిన్న చక్రాల మీద కారు వైపు కాస్త దొర్లాలి. మా ఇంటి ముందు పేవర్ ఇటుకల సందులో జాకీ ముందు చక్రం ఇరుక్కుపోయి దొర్లలేదు. జాకీ తల అంగుళం అంగుళంగా జారుతూ వచ్చి డిఫరెన్షియల్ హౌసింగ్ అంచు మీద నిలిచింది. అదృష్టవశాత్తూ అప్పటికి చక్రాలు నేలకు నాలుగంగుళాల ఎత్తులోనే ఉన్నాయి. ఇప్పుడు మందమైన ప్లైవుడ్ పలక పరిచి దాని మీదే జాకీని దొర్లనిస్తాను.

నా కారులాంటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఉన్నవారికి మరొక సంగతి. దీనికి విడి ఛాసిస్ ఉంది, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఛాసిస్‌కు దగ్గరి చుట్టం. వెనుక భాగాన్ని ఎత్తితే స్వింగ్ యాక్సిల్ (మధ్యలో మడిచినట్టు ఊగే రెండు సగాల ఇరుసు) వల్ల చక్రాలు రెండూ కిందికి, లోపలికి ముడుచుకుంటాయి. దించాక కూడా వెనుక భాగం ఎత్తుగానే నిలుస్తుంది. స్ప్రింగు పాడైందని కంగారు పడకుండా నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెడితే మామూలు ఎత్తుకు కూర్చుంటుంది.

ఎంవీపీ సెల్లార్

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీరు పోవడానికి నేల కాస్త వాలుగా ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెడితే సరిపోదా?

కంచరపాలెం గ్యారేజీ

సరిపోదండీ. ఈ కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, గేరు ఆపేది కూడా వాటినే. వెనుక భాగం లేపగానే ఆ రెండూ గాలిలో ఉంటాయి, కారును ఆపేది ఏదీ ఉండదు. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించి కొట్టండి. వాలు కంటికి తెలిసేంత ఉంటే అక్కడ ఎత్తనే వద్దు. చక్రం నట్లను కూడా కారు నేల మీద ఉండగానే అరచుట్టు వదులు చేసుకోండి, స్టాండ్ల మీద ఉన్న కారుపై స్పానర్‌తో బలం చూపకూడదు.

లాసన్స్ బే రోడ్‌స్టర్

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం మా తమ్ముణ్ణి పక్కన నిలబెట్టుకుని ముందు భాగాన్ని క్రాస్‌మెంబరు దగ్గర ఎత్తాను. ఎడమ వైపు రైలు తట్టితే ఖంగుమంది. కుడి వైపు ఒక చోట మాత్రం శబ్దం తేడాగా ఉండటంతో స్టాండును ఆరంగుళాలు ముందుకు జరిపాను. విప్పిన చక్రాలను సిల్‌ల కింద పడుకోబెట్టి, కారును ఊపి చూశాకే కిందికి వెళ్లాను. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. గ్రీజు ఎక్కించే మూడో నిపుల్ ఎంత గ్రీజు గన్ నొక్కినా తీసుకోలేదు, దాన్ని మార్చాలి. సిల్‌లు రెండూ కోసి కొత్తవి వెల్డింగ్ చేయించేటప్పుడు తలుపు సందు తప్పకుండా కారును దేని మీద ఆనించి ఉంచుతారో, గ్యారేజీ వారు వీలు చూసుకుని వివరించగలరా?