ఆదివారం పరీక్షల యాప్: క్లౌడ్ రన్‌లో పెట్టాలా, నెల అద్దె సర్వరే మేలా?

తెనాలి_కోడర్
నమస్తే అందరికీ. గుంటూరులో ఒక కోచింగ్ సెంటర్‌కి ఆన్‌లైన్ పరీక్షల యాప్ రాశాను. పైథాన్‌లో ఫాస్ట్‌ఏపీఐతో రాసింది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. యాప్ అంతా డాకర్ కంటైనర్‌లో, అంటే కావాల్సినవన్నీ కలిపి కట్టిన ఒక ప్యాకెట్‌లో ఉంది. ఆదివారం ఉదయం 9 గంటలకి దాదాపు 1200 మంది పిల్లలు ఒకేసారి లాగిన్ అవుతారు. 12 కల్లా పరీక్ష అయిపోతుంది. మిగతా వారమంతా మార్కులు చూసుకోవడానికి ఎవరో ఒకరు వచ్చిపోతుంటారు, అంతే. గూగుల్ క్లౌడ్ రన్ (మన కంటైనర్‌ని గూగుల్ సర్వర్ల మీద నడిపే సర్వీస్) అయితే వాడకం లేనప్పుడు సున్నాకి దిగిపోతుంది, అంటే ఏదీ నడవదు, వాడినంతకే బిల్లు, కాబట్టి మాకు సరిపోతుందని నా ఆలోచన. తెలిసిన సీనియర్ ఒకాయన మాత్రం నెలకి ఇంతని కట్టే సర్వర్ ఒకటి తీసుకుని అందులో పెట్టెయ్ అంటున్నారు. మీరేమంటారు? ఇంకో సంగతి, ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) డిప్లాయ్ చేస్తే కంటైనర్ లేవట్లేదు. 8080 పోర్టు మీద వినట్లేదని ఎర్రర్.

లాగ్_రీడర్
యాప్‌ని నడిపే యూవికార్న్ 127.0.0.1 మీద, అంటే కంటైనర్ లోపలికి మాత్రమే వినేలా నడుస్తున్నట్టుంది. బయటి నుంచి కూడా వినేలా 0.0.0.0 పెట్టండి. పోర్టు నంబరు కోడ్‌లో రాసెయ్యకుండా పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోండి. కొత్త మ్యాక్ మీద ఇమేజ్ కడుతుంటే లినక్స్ ఏఎండీ64 కోసం అని చెప్పి కట్టాలి, లేకపోతే ఇది పోయాక ఇంకో ఎర్రర్ వస్తుంది.

తెనాలి_కోడర్
పోర్టే అండి. లేచింది. థాంక్స్.

పాత_టెర్మినల్
మీ సీనియర్ చెప్పింది వినండి. 1200 మంది అంటే పెద్ద లోడ్ కాదు. నాలుగు కోర్లు, 8 జీబీ ఉన్న ఒక్క మెషీన్, ముందు రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్, వెనక మీ కంటైనర్, పక్కనే పోస్ట్‌గ్రెస్. నెలకి ఎంత అవుతుందో ఈ రోజే తెలుస్తుంది, వచ్చే ఏడాదీ అంతే.

క్లౌడ్ రన్‌లో ఏమవుతుందో లెక్క వేయండి. ఒక్కో ఇన్‌స్టన్స్ (నడుస్తున్న మీ కంటైనర్ కాపీ) మామూలుగా 80 రిక్వెస్టుల దాకా ఒకేసారి తీసుకుంటుంది. 9 గంటలకి 1200 ఒకేసారి పడితే 15 ఇన్‌స్టన్స్‌లు లేస్తాయి. డేటాబేస్‌తో మాట్లాడటానికి మీరు ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లైబ్రరీ వాడుతుంటే దాని పూల్ (తెరిచి ఉంచే కనెక్షన్ల గుంపు) ఒక్కో ఇన్‌స్టన్స్‌లో మామూలుగా 5 కనెక్షన్లు, పైన ఇంకో 10 వరకు తెరుస్తుంది. అంటే 15 ఇంటూ 15, మొత్తం 225. పోస్ట్‌గ్రెస్ మామూలు పరిమితి 100. పరీక్ష మొదలైన మొదటి నిమిషంలోనే డేటాబేస్ తలుపు వేసేస్తుంది. ఒక్క మెషీన్ మీద ఈ గొడవే ఉండదు.

పైగా డేటాబేస్ సున్నాకి దిగదు. క్లౌడ్ ఎస్‌క్యూఎల్ (గూగుల్ నడిపే డేటాబేస్) తీసుకుంటే వారమంతా దానికి అద్దె కట్టాల్సిందే. ఇంక మిగిలేదేంటి?

మేఘ_వరంగల్
పాత_టెర్మినల్ గారు, కనెక్షన్ల లెక్క కరెక్టే. దానికి మందు కూడా చిన్నదే. పూల్ 4కి తగ్గించి, అదనం సున్నా చేసి, మాక్సిమమ్ ఇన్‌స్టన్స్‌లు 20 దగ్గర ఆపితే 80 కనెక్షన్లు దాటవు. రెండు సెట్టింగులు. దీనికోసం ఒక మనిషి సర్వర్ పక్కన కాపలా కూర్చోనక్కర్లేదు.

తెనాలి_కోడర్, మీరు చూసుకోవాల్సిన అసలు విషయాలు వేరే ఉన్నాయి. ఫలితాల పీడీఎఫ్‌లు లోకల్ ఫోల్డర్‌లో రాస్తున్నారా? క్లౌడ్ రన్‌లో కంటైనర్ లోపలి ఫైల్ సిస్టమ్ మెమరీలోనే ఉంటుంది. రాసినకొద్దీ ర్యామ్ తింటుంది, ఇన్‌స్టన్స్ పోగానే ఫైళ్లూ పోతాయి. క్లౌడ్ స్టోరేజ్‌లో పెట్టండి. రెండోది కోల్డ్ స్టార్ట్. శనివారం అంతా సున్నాలో ఉండి 9 గంటలకి లేవమంటే పైథాన్ లైబ్రరీలన్నీ లోడ్ అయ్యేదాకా మొదటివాళ్లకి తెల్ల పేజీ కనిపిస్తుంది. ఆదివారం 8:45కి మినిమమ్ ఇన్‌స్టన్స్‌లు పెంచి, 12 తర్వాత మళ్లీ సున్నా చేసేలా షెడ్యూల్ పెట్టుకోండి.

పాత_టెర్మినల్
మినిమమ్ పెట్టి ముందే లేపి ఉంచితే అది సర్వర్‌లెస్ (సర్వర్ మనం చూసుకోకుండా వాడినంతకే కట్టే పద్ధతి) ఎలా అవుతుంది? వాడినా వాడకపోయినా నడిచే మెషీన్‌కి డబ్బు కడుతున్నారు. దాన్నే మేము సర్వర్ అంటాం.

మేఘ_వరంగల్
వారంలో మూడు గంటలు. మీది వారంలో 168 గంటలు.

పాత_టెర్మినల్
గంటల సంగతి కాదు అడిగింది. ముందే లేపి ఉంచాలా వద్దా? ఉంచాలంటే సున్నాకి దిగుతుందన్న గొప్ప పోయినట్టే కదా.

డల్లాస్_ప్రసాద్
మా బ్యాంకులో అంతా కుబర్నెటీసే, చాలా కంటైనర్లని కలిపి నడిపే సిస్టమ్. అది నేర్చుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

లాగ్_రీడర్
ఒక కోచింగ్ సెంటర్‌కి కుబర్నెటీస్ ఎందుకండీ.

కూకట్‌పల్లి_రవి
కంటైనర్లు నడపడానికి అమెజాన్ ఫార్గేట్ చూడు బ్రో. 2022 నుంచి హైదరాబాద్ రీజియనే ఉంది.

మేఘ_వరంగల్
ఫార్గేట్ బాగుంటుంది, కానీ సున్నాకి దానంతట అది దిగదు. షెడ్యూల్ పెట్టి మనమే దించాలి.

లాగ్_రీడర్
తెనాలి_కోడర్ గారు, పరీక్ష సబ్మిట్ చేశాక మార్కుల పీడీఎఫ్ ఫాస్ట్‌ఏపీఐ బ్యాక్‌గ్రౌండ్ టాస్క్‌లో తయారవుతోందా? రిక్వెస్టును బట్టి బిల్లు పడే సెట్టింగ్‌లో జవాబు వెళ్లిపోగానే సీపీయూ దాదాపు ఆపేస్తారు. పీడీఎఫ్ సగంలో ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఇది కనపడదు. ఆ పనిని క్లౌడ్ టాస్క్స్ అనే పనుల క్యూకి ఇవ్వండి, లేదా పరీక్ష అయ్యాక ఒక్క క్లౌడ్ రన్ జాబ్‌గా నడపండి.

తెనాలి_కోడర్
అచ్చం అలాగే రాశానండి, సబ్మిట్ అవగానే బ్యాక్‌గ్రౌండ్‌లో. మారుస్తాను. జవాబులు 30 సెకన్లకోసారి ఆటోసేవ్ అవుతాయి, దానికేమైనా ఇబ్బందా?

పాత_టెర్మినల్
దానికే వస్తున్నాను. మూడు గంటల్లో ఒక్కో పిల్లాడివి 360 సేవ్‌లు. 1200 మందికి 4,32,000. నెలకి నాలుగు ఆదివారాలంటే 17 లక్షలు దాటుతుంది. నెలకి 20 లక్షల రిక్వెస్టులు ఉచితమని చెప్పుకుంటారు కదా, ఐదు ఆదివారాలు వచ్చిన నెలలో అది దాటిపోయింది. సీపీయూ ఉచితం 1,80,000 సెకన్లు. 15 ఇన్‌స్టన్స్‌లు ఒక్కో సీపీయూతో మూడు గంటలుంటే ఒక్క ఆదివారానికే 1,62,000. రెండో ఆదివారం నుంచి మీటర్ తిరుగుతుంది.

మేఘ_వరంగల్
15 ఇన్‌స్టన్స్‌లు మూడు గంటలూ ఉండవండి. లాగిన్ తోపులాట పది నిమిషాలు. ఆ తర్వాత సేవ్‌లు చెదిరిపోయి వస్తాయి, రెండు మూడు ఇన్‌స్టన్స్‌లతో గడిచిపోతుంది. అయినా ఉచితమని నేనెక్కడా అనలేదు. బిల్లు వస్తుంది, చిన్నదే వస్తుంది అంటున్నాను.

పాత_టెర్మినల్
చిన్నదే వస్తుందని ఎవరు రాసిస్తారు?

నా సంగతి చెబుతాను. ఒక క్లయింట్ కోసం ఇలాగే వాడినంతకే బిల్లు పడే క్లౌడ్‌లో పెట్టాం. వాళ్ల దగ్గర కార్డు లేదంటే నా కార్డు ఇచ్చాను, నెల నెలా ఇచ్చేస్తామన్నారు. వాళ్లు వేరేచోట చేయించుకున్న మొబైల్ యాప్‌లో ఎర్రర్ వస్తే ఆగకుండా మళ్లీ మళ్లీ అడిగే లూప్ ఉంది. శుక్రవారం రాత్రి మొదలైంది. బడ్జెట్ అలర్ట్ మెయిల్ వచ్చింది. ఆ అలర్ట్ చెప్తుంది, ఆపదు. సోమవారం క్లయింట్ ఏమన్నాడో తెలుసా? ‘మనం మాట్లాడుకుంది నెలకి ఇంత అని కదా.’ ఆ డబ్బు నా జేబులోంచి పోయింది. మా పాప స్కూల్ ఫీజు టర్మ్ అది. నెల అద్దె సర్వర్ అయ్యుంటే సర్వర్ కింద పడేది. పడనివ్వండి. రూపాయి ఎక్కువ పోయేది కాదు.

కూకట్‌పల్లి_రవి
అన్నా, ఇది చాలా అన్యాయం.

మేఘ_వరంగల్
అన్యాయమే. ఆ క్లయింట్ చేసిన అన్యాయం అది. మాక్సిమమ్ ఇన్‌స్టన్స్‌లు తక్కువలో ఆపి ఉంటే లూప్ ఎంత తిరిగినా బిల్లుకి ఒక హద్దు ఉండేది. కార్డు క్లయింట్‌ది అయ్యుంటే ఆ వాదనే వచ్చేది కాదు. ఇందులో సర్వర్‌లెస్ తప్పేంటి?

మీరు చెప్పే అద్దె సర్వర్ ఎలా ఉంటుందో నేనూ చూశాను. ఒక సంస్థలో ఫలితాల వెబ్‌సైట్ నా చేతికొచ్చింది. అంతకుముందు చూసుకున్న ఫ్రీలాన్సర్ ఫోన్ ఎత్తడు. సర్వర్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఎస్ఎస్‌హెచ్ కీ ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంది. ఎలాగో లోపలికి వెళ్లాం. ఫలితాల రోజు రాత్రి డిస్క్ నిండిపోయింది. లాగ్‌లు రొటేట్ అయ్యేలా (పాతవి వాటంతటవే పోయేలా) ఎవరూ పెట్టలేదు. అప్పుడు మా నాన్న ఆస్పత్రిలో ఉన్నారు. వార్డు బయట బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోన్ హాట్‌స్పాట్ మీద, ఏ ఫోల్డర్ ఎన్ని జీబీలుందో వరసగా చూసుకుంటూ పాత లాగ్ ఫైళ్లు ఒక్కొక్కటే తుడిచాను. నర్సు వచ్చి నాన్న పేరు పిలిచినా నాకు వినపడలేదు. ఆ రాత్రికి నాకు రూపాయి ఇవ్వలేదు, అదేదో నా డ్యూటీ అన్నట్టు మాట్లాడారు.

పాత_టెర్మినల్
మధ్యలో వదిలేసి పోయేవాళ్లతో నన్ను కలపకండి. నేను చూసుకునే సర్వర్లలో లాగ్ రొటేషన్ ఉంటుంది, బ్యాకప్ ఉంటుంది, రాత్రి 2 గంటలకి ఫోన్ చేసినా ఎత్తుతాను. ఇన్నేళ్లుగా ఆ పని మీదే ఇల్లు నడుస్తోంది. మీలాంటివాళ్లు సర్వర్ చూసుకోవడమంటే కాపలా పని అని రాసేస్తారు. పైన రాశారు కూడా, ‘కాపలా కూర్చోనక్కర్లేదు’ అని.

మేఘ_వరంగల్
మిమ్మల్ని తక్కువ చేయాలని రాయలేదు. నేనూ ఆ పని చేశాను కాబట్టే రాశాను. రాత్రి 2 గంటలకి మీరు ఫోన్ ఎత్తుతారు, ఒప్పుకుంటాను. అది మీరు కాబట్టి. మీరు లేనిచోట ఎవరు ఎత్తుతారు? ఈ అబ్బాయి యాప్‌కి ఎవరున్నారు?

లాగ్_రీడర్
ఇదే అడుగుదామనుకుంటున్నా. తెనాలి_కోడర్ గారు, దీన్ని ఎన్నాళ్లు చూసుకుంటారు మీరు?

తెనాలి_కోడర్
నిజానికి జూన్‌లో బెంగళూరులో ఉద్యోగంలో చేరుతున్నాను. తర్వాత ఆదివారాలు నాకు కుదరదు. కోచింగ్ సెంటర్ సార్‌కి వాట్సాప్ తప్ప ఏమీ తెలియదు. అక్కడ ఒక కంప్యూటర్ ఆపరేటర్ ఉన్నారు, మార్కులు ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. ఇంతే. అందుకే చూసుకోనక్కర్లేనిది కావాలని క్లౌడ్ రన్ వైపు చూశాను.

పాత_టెర్మినల్
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది బాబూ. చూసుకునే మనిషి లేకపోతే నేను చెప్పిన సర్వర్ వద్దు. ప్యాచ్‌లు పడవు, సర్టిఫికెట్ గడువు ఏదో ఒక శనివారం రాత్రి అయిపోతుంది. ఆ మేరకు మేఘ గారి మాట సరే.

కానీ నా భయం అక్కడే ఇంకా పెరిగింది. బిల్లు చదవడం రాని మనిషి కార్డుకి, హద్దు లేని మీటర్ ఒకటి తగిలించి మీరు బెంగళూరు వెళ్లిపోతారు. ఆ సార్‌కి ఇన్‌స్టన్స్ అంటే తెలుసా? మెయిల్‌లో అలర్ట్ వస్తే చూస్తాడా? చూసుకోనక్కర్లేనిది అంటూ ఏదీ లేదు. సర్వర్ చూసుకోవడం పోయి బిల్లు చూసుకోవడం వస్తుంది. మాక్సిమమ్ ఇన్‌స్టన్స్‌లు 20 కాదు, 6 పెట్టండి.

మేఘ_వరంగల్
6 పెడితే 480 మంది దాటాక మిగతావాళ్లు క్యూలో పడతారు. క్యూ నిండితే 429 అనే ఎర్రర్ వస్తుంది, రిక్వెస్టులు ఎక్కువయ్యాయని. సరిగ్గా 9 గంటలకి.

పాత_టెర్మినల్
రానివ్వండి. పరీక్ష పది నిమిషాలు ఆలస్యం అవుతుంది. ఇంకా కాదంటే వచ్చే ఆదివారం పెట్టుకుంటారు. పోయిన డబ్బు వచ్చే ఆదివారం తిరిగి రాదు.

మేఘ_వరంగల్
మీకూ నాకూ తేడా ఇక్కడుందండి. కోల్డ్ స్టార్ట్ దగ్గర కాదు, సున్నా దగ్గర కాదు. తప్పు జరిగితే యాప్ ఆగాలని మీరంటారు, బిల్లు భరించాలని నేనంటాను. ఆ పిల్లల్లో పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి ఇంటర్నెట్ సెంటర్‌కి వచ్చి రాసేవాళ్లు ఉంటారు. గంటకింతని కట్టి కూర్చుంటారు. ఎర్రర్ పేజీ చూసి తిరిగి వెళ్లాక ఆ డబ్బు వాళ్లకి ఎవరిస్తారు?

పాత_టెర్మినల్
అది సార్ తేల్చుకోవాల్సిన విషయం. ఆయన డబ్బు, ఆయన పిల్లలు. మీరూ నేనూ ఇక్కడ కూర్చుని ఆయన తరఫున భరించేస్తాం అనడం ఏంటి?

లాగ్_రీడర్
అయితే ఆయన్నే అడగమనండి. 6 పెడితే ఎంత, 20 పెడితే ఎంత, రెండు పరిస్థితుల్లోనూ నెలకి అతి ఎక్కువ బిల్లు ఎంత అవుతుందో తెలుగులో ఒక కాగితం మీద రాసి చూపించండి. దానికి ముందు 9 గంటల లాగిన్‌ని లోకస్ట్ అనే టూల్‌తో నకలు చేసి లోడ్ టెస్ట్ చేయండి, నిజంగా ఎన్ని లేస్తాయో తెలుస్తుంది. నాకు తెలిసి 15 లేవవు.

తెనాలి_కోడర్
రేపు సాయంత్రం లోడ్ టెస్ట్ పెడుతున్నాను. పూల్ 4 చేశాను, పీడీఎఫ్‌లు జాబ్‌లోకి మార్చాను. ఖాతా నా పేరు మీద తెరిచాను, దాన్ని సార్ పేరు మీదకి, ఆయన కార్డుకి మార్చేస్తాను. ఎంత దగ్గర ఆపాలో ఆయన్నే అడుగుతాను. కాగితం రాశాక ఇక్కడ పెడతాను, పాత_టెర్మినల్ గారు ఒకసారి చూడండి.

పాత_టెర్మినల్
పెట్టండి, చూస్తాను. డేటాబేస్ బ్యాకప్ ఎక్కడుంటుందో, దాన్ని తిరిగి ఎక్కించడం ఎలాగో కూడా ఆ కాగితంలోనే రాయండి. ఆపరేటర్ చేత మీరుండగానే ఒకసారి చేయించండి.

మేఘ_వరంగల్
బ్యాకప్ విషయంలో ఆయన మాటే నాదీ. 6 విషయంలో మాత్రం కాదు.