బ్రిస్టల్ నుంచి యార్క్: రైలా, కారా?

ప్రశ్న:
వచ్చే నెల ఒక ఆదివారం బ్రిస్టల్ నుంచి యార్క్ వెళ్లాలి. ఇద్దరు పెద్దలం, ఎనిమిదేళ్ల పాప, రెండు పెద్ద సూట్‌కేసులు. రైలు టికెట్ల ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. కారు అద్దెకు తీసుకుంటే నయమా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
దారిలో ఆగే పని లేకపోతే రైలే మేలండి. బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ స్టేషన్‌లో క్రాస్‌కంట్రీ కంపెనీ రైలెక్కితే బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ మీదుగా దాదాపు నాలుగు గంటల్లో నేరుగా యార్క్‌లో దిగొచ్చు. వీలైతే ముందు ఆ ఆదివారం మార్చుకోండి. ట్రాక్ పనులు ఎక్కువగా ఆ రోజే పెట్టుకుంటారు, మధ్యలో దింపి బస్సెక్కిస్తారు. పాపతో, ఆ సామానుతో చాలా కష్టం. నేషనల్ రైల్ సైట్‌లో తేదీ కొట్టి చూస్తే ఎక్కడ బస్సో తెలిసిపోతుంది.

ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ 35 పౌండ్లు. పెద్దల టికెట్‌లో మూడో వంతు, పిల్లలదాంట్లో 60 శాతం తగ్గుతుంది. ఇంత దూరానికి కార్డు డబ్బులు ఇట్టే వచ్చేస్తాయి. పాప మాత్రం ప్రయాణమంతా మీ వెంట ఉండాలి.

జవాబు 2:
పై మాటకు తోడు, స్ప్లిట్ టికెట్లు, అంటే ఒకే ప్రయాణానికి ముక్కలుగా కొనే టికెట్లు కూడా చూడండి: బ్రిస్టల్–బర్మింగ్‌హామ్, బర్మింగ్‌హామ్–షెఫీల్డ్, షెఫీల్డ్–యార్క్. రైలు దిగక్కర్లేదు. కానీ టికెట్ విడగొట్టిన ప్రతి స్టేషన్‌లో ఆ రైలు ఆగి తీరాలి, ఆగకపోతే ఆ టికెట్లు చెల్లవు. అడ్వాన్స్ టికెట్లయితే రాసి ఉన్న రైలుకే పనికొస్తాయి. ఒక్కో టికెట్‌కు ఒక్కో చోట సీటు పడొచ్చు, డబ్బు కట్టేముందే నంబర్లు చూసుకోండి.

అసలు ఇబ్బంది సామాను. ఈ దారిలో తిరిగే వాయేజర్ రకం రైళ్లకు నాలుగైదు బోగీలే ఉంటాయి. తలపైన ర్యాక్ ఇరుకు, పెద్ద సూట్‌కేసు దూరదు. కింద ర్యాక్ ముందెక్కినవాళ్లదే. ప్లిమత్ నుంచి వచ్చే రైలైతే బ్రిస్టల్‌కే సగం నిండి ఉంటుంది. ఒక పెద్దదాని బదులు రెండు చిన్న బ్యాగులు సర్దుకుంటే హాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. ఒకవేళ షెఫీల్డ్ దగ్గర ఒక రోజు ఆగితే?

జవాబు 3:
అప్పుడు కారే. దాదాపు 220 మైళ్లు, రోడ్లు: ఎం5, ఎం42, ఏ42, ఎం1, చివర్లో ఏ64. ఎం1 మీద 29వ జంక్షన్ దగ్గర దిగితే చెస్టర్‌ఫీల్డ్ మీదుగా పీక్ డిస్ట్రిక్ట్ కొండ ప్రాంతానికి దారి, అక్కడి చాలా ఊళ్లు రైల్లో అందవు. బ్రిస్టల్‌లో తీసుకుని యార్క్‌లో వదిలేస్తే అదనంగా వసూలు చేస్తారు, బుక్ చేసేముందు మొత్తం చూడండి. పాప ఎత్తు 135 సెంటీమీటర్లు దాటకపోతే బూస్టర్ సీటు తప్పనిసరి. యార్క్ కోట గోడల లోపలికి కారు తీసుకెళ్లకండి. ఏ64 దిగగానే ఆస్కమ్ బార్ పార్క్ అండ్ రైడ్ ఉంది, అక్కడ పెట్టి బస్సెక్కండి.