ఉలురు దగ్గర యులారాలో సీజన్ ఉద్యోగం వచ్చింది, వెళ్లొచ్చా?

గోదారి_పిల్ల:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, హోటల్ మేనేజ్‌మెంట్ చదివాను. వీసా లాటరీలో పేరొచ్చి 462 వీసా, అంటే ఏడాది పాటు తిరుగుతూ పనిచేసుకునే వర్కింగ్ హాలిడే వీసా మీద ఆస్ట్రేలియా వచ్చాను. ఇప్పుడు సిడ్నీలో ఉన్నా, కేఫ్‌లో వారానికి రెండు మూడు షిఫ్టులు దొరకడమే కష్టంగా ఉంది, వచ్చిందంతా అద్దెకే పోతోంది. దేశం మధ్యలో ఎడారిలో ఉలురు అనే పెద్ద ఎర్ర రాతికొండ ఉంది కదా, దాని దగ్గరున్న యులారాలో ఒక హోటల్‌వాళ్లు మే నుంచి సెప్టెంబర్ దాకా హౌస్‌కీపింగ్ పని ఇస్తామన్నారు. స్టాఫ్ రూమ్ వాళ్లదే, ఇంకో అమ్మాయితో కలిసి ఉండాలి, అద్దె జీతంలో పట్టుకుంటారట. మ్యాప్‌లో చూస్తే చుట్టూ ఏమీ లేదు. అమ్మేమో "ఎడారిలో ఒక్కదానివే ఎలా ఉంటావే" అని ఒకటే టెన్షన్. నేను గుడ్డు తప్ప నాన్‌వెజ్ తినను. అక్కడ చేసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎర్రమట్టి:
వెళ్లు చెల్లీ. పోయిన సీజన్ నేనూ అక్కడ హౌస్‌కీపింగ్‌లోనే చేశాను. యులారా టూరిస్టుల కోసం కట్టిన చిన్న టౌన్. ఒక సూపర్‌మార్కెట్, పోస్టాఫీసు, క్లినిక్ ఉంటాయి, అవి దాటితే పెద్ద ఊరంటే ఆలిస్ స్ప్రింగ్స్, అది రోడ్డు మీద 450 కిలోమీటర్లు. పని నిజంగా కష్టం. మొదట్లో నడుం పట్టేస్తుంది, ఎర్ర దుమ్ము కిటికీ సందుల్లోంచి కూడా వచ్చి తుడిచిన చోటే మళ్లీ పేరుకుంటుంది, చెకౌట్లు ఎక్కువున్న రోజు అన్నం తినే టైమ్ కూడా చూసుకోవాలి. మొదటి రెండు వారాల్లో మాత్రం ఉండాలా వెళ్లిపోవాలా అని తేల్చుకోకు, ఆ రోజుల్లో అందరికీ ఏడుపొస్తుంది. నేను చూసినంతలో త్వరగా వెళ్లిపోయినవాళ్లు పని బరువుకి వెళ్లలేదు, షిఫ్ట్ అవగానే రూమ్‌లో తలుపేసుకుని ఫోన్ పట్టుకున్నవాళ్లే వెళ్లారు. అందరూ వండుకునే కిచెన్‌లో కూర్చో, నీ పప్పు పక్కవాళ్లకి కాస్త పెట్టు, వాళ్లు పిలిస్తే నడకకి వెళ్లు. నాకు అక్కడ దొరికిన స్నేహాలు సిడ్నీలో దొరకలేదు.

తిండికి భయం లేదు. బియ్యం, గుడ్లు, కూరగాయలు దొరుకుతాయి, కాకపోతే రేట్లు ఎక్కువ. కందిపప్పు, చింతపండు, కారం, కరివేపాకు పొడి, ఒక ఆవకాయ సీసా సిడ్నీ నుంచే సర్దుకో. రూముల్లో వంట చేయనిస్తారో లేదో ముందే అడుగు. ఇంకోటి, ఎడారి కదా అని స్వెటర్ మానేయకు. జూన్, జులై అక్కడ చలికాలం, రాత్రుళ్లు సున్నా డిగ్రీల దాకా, ఒక్కోసారి దాని కిందకీ పడిపోతుంది. మొహం మీద ఈగలు వాలకుండా టోపీ మీద వేసుకునే వల కూడా కొనుక్కో. అమ్మకి ఫోన్ చేయడం తేలికే, మనకంటే అక్కడ నాలుగు గంటలు ముందు, రాత్రి పది అంటే ఇంట్లో సాయంత్రం ఆరు.

పేస్లిప్_దాచు:
అక్క చెప్పింది మనసు సంగతి, నేను కాగితాల సంగతి చెబుతా. మారుమూల ప్రాంతాల్లో టూరిజం, హాస్పిటాలిటీ పని 462 రెండో ఏడాది వీసాకి లెక్కలోకి వస్తుంది, దానికి మూడు నెలల పని చూపించాలి. కాబట్టి ప్రతి పేస్లిప్ ఈమెయిల్‌లో దాచుకో, ఉద్యోగం మానేశాక పాత పోర్టల్‌లోకి వెళ్లలేక ఏడ్చినవాళ్లు ఉన్నారు. వర్కింగ్ హాలిడే వాళ్లకి ఏడాది ఆదాయం 45,000 డాలర్ల దాకా 15 శాతం పన్ను. సూపర్ డబ్బు, అంటే యజమాని మన పేరున కట్టే రిటైర్‌మెంట్ డబ్బు, దేశం వదిలాక తీసుకోవచ్చు గానీ అందులో 65 శాతం పన్నుకే పోతుంది, అదేదో పెద్ద సేవింగ్ అని లెక్కేసుకోవద్దు. బార్‌లో షిఫ్టులు కావాలంటే మద్యం వడ్డించడానికి కావాల్సిన ఆర్‌ఎస్‌ఏ సర్టిఫికెట్ ముందే చేసుకో.

ఊరి_బయట_రోడ్డు:
కారున్న స్నేహితులు ఆలిస్ వెళ్దామంటే చీకటిపడ్డాక మాత్రం బయల్దేరొద్దు. కంగారూలు, ఒంటెలు, ఆవులు రోడ్డు మీదికొచ్చేస్తాయి, సాయం రావడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకో. దారిలో కనిపించే మౌంట్ కానర్‌ని చూసి ఉలురు అనుకుని ఫొటోలు తీసేవాళ్లు చాలామంది. అసలు ఉలురు ఎత్తు 348 మీటర్లు, చుట్టూ నడిచే దారి పది కిలోమీటర్లు దాటుతుంది, సెలవు రోజు తెల్లవారుజామున వెళ్లు. 1985లో ఆ నేలని అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి తిరిగి ఇచ్చారు. వాళ్లకది పవిత్రం, అందుకే 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. కొన్ని చోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, పాటించు. మనం కొండెక్కేముందు చెప్పులు విప్పుతాం కదా, ఇక్కడ అసలు కొండే ఎక్కం, అంతే తేడా. అక్కడ పనిచేసేవాళ్లకి ఇది తెలియకపోవడం నాకు అస్సలు నచ్చదు.

గోదారి_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. ఎర్రమట్టి అక్కా, రూమ్‌మేట్‌తో పడకపోతే? ఉద్యోగం మధ్యలో మానేస్తే రూమ్ ఏమవుతుంది?

ఎర్రమట్టి:
అది మంచి ప్రశ్న. అక్కడ హోటళ్లు, ఇళ్లు దాదాపు ఒకే యాజమాన్యం కిందివి, ఉద్యోగం వదిలితే రూమ్ కూడా వదలాలి, బయట అద్దెకి ఇల్లు దొరకదు. అందుకని సిడ్నీకి విమానం టికెట్ డబ్బు, దాని పైన రెండు వారాల ఖర్చు బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచు. రూమ్‌మేట్ సంగతి మొదటి వారంలోనే మాట్లాడుకోండి, లైటు ఎప్పుడు ఆర్పాలి, ఎవరి షిఫ్ట్ ఎన్నింటికి అని. అయినా కుదరకపోతే హౌసింగ్ చూసేవాళ్లకి రాతపూర్వకంగా అడుగు, సీజన్ మొదట్లో అయితే మార్చడం సులువు, జులైలో రూములన్నీ నిండిపోతాయి. సంతకం చేసేముందు అద్దె వారానికి ఎంత, గంటలు కనీసం ఎన్ని అని ఈమెయిల్‌లో రాయించుకో. అవి వచ్చాక ఇక్కడ పెట్టు, చూసి చెబుతా.