బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం: మన కతోలిక కుటుంబాలకి కుదిరే పనేనా?

లంకూరి అమ్మ:
అందరికీ వందనాలు. మాది సఖినేటిపల్లి వైపు. పాప మూడో తరగతి, బాబు ఒకటి. స్కూల్ బస్సు ఆరూ నలభైకి వీధి చివర హారన్ కొడుతుంది. అప్పటికి పాప కళ్ళు మూసుకునే ఇడ్లీ ముక్క బుగ్గన పెట్టుకుని ఉంటుంది. మొన్న బస్సు దిగేదాకా అది మింగలేదని ఆయా చెప్పింది. సాయంత్రం ఆరున్నరకి వస్తారు, హోంవర్క్ అయ్యేసరికి తొమ్మిది. కుటుంబ జపమాల మొదలెడితే రెండో దేవరహస్యానికే ఇద్దరూ నా ఒళ్ళో పడిపోతారు. నెలకి రెండు ఆదివారాలు ఏదో ఒక పరీక్ష. పూజ పోతోంది, పిల్లలకి మన మతం నేర్పే సత్యోపదేశం క్లాసు పోతోంది. వచ్చే ఏడు పాపకి మొదటి దివ్యసత్ప్రసాదం ఇప్పించాలి, దానికేమో పరలోక జపం ఇంకా సగమే వచ్చు.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు పిల్లల్ని బడికే పంపదు, ఇంట్లోనే చదివిస్తోంది. అక్కడ కతోలిక కుటుంబాలు చాలా మంది అలా చేస్తారట. నేను బీఎస్సీ చదివాను, ఉద్యోగం లేదు. ఆయన రొయ్యల చెరువుల మీద ఉంటారు. నేనూ చేద్దామనుకుంటున్నా. మా అత్తగారు మాత్రం "బడికి పంపకపోతే ఊళ్ళో ఏమనుకుంటారే" అని రోజూ అదే పాట. చట్టం ఒప్పుకుంటుందా? మన కతోలిక సభ ఏమంటుంది? ఇక్కడ ఎవరైనా చేస్తున్నారా?

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, ముందు చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. అందుకే దేశంలో కొందరు ఇంట్లో చదివిస్తున్నా ఎవరూ వచ్చి పట్టుకోవడం లేదు. పట్టుకోకపోయినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు.

ఇక నా మాట. మీరు చెప్పినవన్నీ బస్సు కష్టాలు, ఆ స్కూలు కష్టాలు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? దగ్గర్లో వేరే బడి చూడండి.

కొబ్బరితోట నాన్న:
మేం చేస్తున్నామండి, మూడో ఏడు. అమలాపురం పక్క. ఇద్దరు మగపిల్లలు, పదకొండు, ఎనిమిది.

ఉన్నది ఉన్నట్టు చెప్తా. మొదటి ఏడాది పూర్తిగా బోల్తా కొట్టాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో సీటన్ అని ఇంటి చదువుల కతోలిక సంస్థ ఉంది, వాళ్ళ పుస్తకాలు తెలిసినవాళ్ళ చేత తెప్పించాను. కాగితం, బొమ్మలు, పునీతుల కథలు, అన్నీ బాగున్నాయి. లెక్కల పుస్తకంలో మాత్రం డాలర్లు, సెంట్లు, అంగుళాలు. మా చిన్నాడు "నాన్నా, క్వార్టర్ అంటే తాత తాగేదా?" అనడిగాడు. మా నాన్నగారు పక్కనే ఉన్నారు.

రెండో ఏడు నుంచి మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే తీసుకున్నాం, పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఆరింటికి త్రికాల జపం, తర్వాత తెలుగు, లెక్కలు. పదకొండు తర్వాత పుస్తకం మూసేస్తాం. కొబ్బరికాయల దింపు రోజైతే పాఠం తోటలోనే. కాయలు గుట్టలుగా పోస్తే పెద్దాడు రెండేసి చొప్పున చేత్తో పట్టి లెక్కేస్తాడు, చిన్నాడు ప్రతి వందకీ ఒక ఎండుటాకు పక్కన పెడతాడు. పోయిన దింపుకి షావుకారు లెక్క పధ్నాలుగు కాయలు తక్కువొచ్చింది. మళ్ళీ పోయించి లెక్కపెట్టించింది మావాడే.

సర్టిఫికెట్ల కోసం ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూలు. ఏ, బీ, సీ అని మూడు లెవెల్స్ ఉన్నాయి, మూడో తరగతి, ఐదు, ఎనిమిదికి సమానం. పద్నాలుగు నిండాక నేరుగా పదో తరగతికి కట్టొచ్చు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఒకసారి రిజిస్టర్ అయితే ఐదేళ్ళ గడువు, సబ్జెక్టు తర్వాత సబ్జెక్టు రాసుకోవచ్చు.

పేట కుర్రోడు:
ఓపిగ్గా అంతా చదివాను. కోపం రాకుండా రాయాలని చూస్తున్నా.

మా తాతమ్మ కాలంలో మా పేట పిల్లలకి ఊరి బడి వరండా దాకే. లోపలికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది సిస్టర్సే. మా నాయనమ్మ అక్కడ ఐదు చదివింది. ఆవిడ పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఒక మూల విరిగితే రేకుతో బిగించారు. ఆ ఐదో తరగతితో ఆవిడ అంగన్‌వాడీ ఆయా అయ్యింది, ఆ జీతంతో మా నాన్న టీచర్ ట్రైనింగ్ చేశాడు. ఏలూరులో సిస్టర్స్ 1953లో పెట్టిన సెయింట్ థెరిసా కాలేజీలో మా మేనత్త డిగ్రీ చేసింది. పేటలో మా ముందు తరంలో అదే మొదటి డిగ్రీ. ఇప్పుడు మీరు బడి అక్కర్లేదు అంటుంటే నాకు ఆ పలకే గుర్తొస్తోంది.

రెండోది డబ్బులు, కాగితాలు. తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకి పదమూడు వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి, బడిలో డెబ్బై ఐదు శాతం హాజరు ఉంటేనే. ఇద్దరు పిల్లలంటే ఏడాదికి ఇరవై ఆరు వేలు. మీకది చిన్న మొత్తం అవ్వొచ్చు. మా వదిన రొయ్యల ఫ్యాక్టరీలో తలలు ఒలుస్తుంది, రాత్రికి వేళ్ళు తెల్లగా నానిపోయి ఉంటాయి. ఆ చేతులతో ఎవరికి పాఠం చెప్తుంది? మతం మారిన మాలాంటోళ్ళకి ఎస్సీ లేదు, బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. దానికీ, ఉద్యోగాల్లో లోకల్ అనిపించుకోడానికీ నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అవి లేకపోతే నివాసం సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లు అరిగేలా తిరగాలి. మీ అబ్బాయికి తోట ఉంది అన్నయ్యా, కాగితం లేకపోయినా బతుకుతాడు.

పంటు రేవు:
ఇంట్లో ఉంటే పిల్లలు నలుగురిలో కలవరని ఇంకెవరైనా రాసేలోపు చెప్తున్నా. కోనసీమలో అరుగు మీద పది నిమిషాలు కూర్చోండి. కలవకుండా ఉండటమే కష్టం. ఆయ్.

పేట కుర్రోడు:
ఎవరి అరుగు మీదండీ రేవు గారూ?

డాలస్ పిన్ని కూతురు:
అక్క నా గురించి రాసిందని తెలిసి అకౌంటు తెరిచాను. రెండు విషయాలు సరిచేయాలి.

అక్కా, ఇక్కడ ఇంటి చదువు 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం అయిపోయింది. ఎవరి దగ్గరా నక్కి చేసే పని కాదు. ఇక్కడ ప్రభుత్వ బడిలో మతబోధ ఉండదు, విచారణ బడి (అంటే మా చర్చి నడిపే బడి) ఫీజు ముగ్గురు పిల్లలకి కట్టడం మా వల్ల కాలేదు. మేం దిగింది అందుకు. నీకు సిస్టర్స్ బడి పక్క ఊళ్ళోనే ఉంది కదా, నాకు ఆ భాగ్యం లేదు.

ఇంకోటి. ఫోన్లో నీకు చెప్పలేదు కానీ మొదటి చలికాలం నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చేదాన్ని. పొద్దున లేస్తే టీచరు, వంటమనిషి, ఆయా, అన్నీ నేనే. గండం గట్టెక్కించింది పుస్తకాలు కాదు. మా విచారణలో ఇలాంటి కుటుంబాలు పదిహేను దాకా ఉన్నాయి, శుక్రవారం అందరం చర్చి హాల్లో కలుస్తాం. ఒకావిడ సైన్సు చెప్తుంది, ఒకాయన లాటిన్, నేను లెక్కలు. నా పిల్లలు వేరేవాళ్ళ దగ్గర కూర్చున్న ఆ రెండు గంటలే నాకు ఊపిరి. ఆ పదిహేను ఇళ్ళు లేకపోతే ఎప్పుడో వదిలేసేదాన్ని. మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయి, అది లెక్కపెట్టు ముందు.

ఉపదేశి:
చాలా మంది సగం సగం చెబుతారు కాబట్టి సభ మాట నేను రాస్తాను. పిల్లల్ని పెంచి విద్య నేర్పే మొదటి గురువులు తల్లిదండ్రులే అని రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య మీద ఇచ్చిన ప్రకటనలో ఉంది. 1983 కతోలిక సభ ధర్మశాస్త్రంలో 793వ నిబంధనా అదే చెబుతుంది, ఇది వారి హక్కూ బాధ్యతా అని. ఇంటి చదువుల వాళ్ళు ఇక్కడ ఆపేస్తారు. ఇంకాస్త కిందికి వెళితే 798 ఉంది: కతోలిక విద్య ఇచ్చే బడికి పిల్లల్ని పంపండి, అది కుదరనప్పుడు బడి బయట ఆ విద్య అందేలా చూడటం మీ విధి. బడి వాళ్ళు దీన్ని పట్టుకుని 793ని మర్చిపోతారు. రెండూ చదివితే, ఇంట్లో చదివించడం పాపం కాదు, బడికి పంపడం బాధ్యత వదిలించుకోవడమూ కాదు.

అయితే మన డెల్టాలో కతోలిక బడి అంటే ఏమిటో కూడా ఒప్పుకోవాలి. అసెంబ్లీలో ఒక ప్రార్థన, వారానికో పీరియడ్ నీతిబోధ. అక్కడ చదివేవాళ్ళలో ఎక్కువమంది హిందువుల పిల్లలే, అందులో తప్పేం లేదు. కానీ సత్యోపదేశం పని అక్కడ జరిగిపోతుందనుకుంటే పొరపాటు.

డాలస్ చెల్లెమ్మ అడిగిన లెక్క కూడా చెప్తా. రాజమండ్రి లూథరన్‌ల చోటు, నర్సాపురం పాతకాలం నుంచి బ్రదరన్ మిషన్ చోటు, ఇద్దరూ ప్రొటెస్టెంట్లే. మన వాళ్ళు ఊరికి నాలుగు గడపలు, ఒక్కోచోట అదీ లేదు. నేను సత్యోపదేశం చెప్పే ఊళ్ళో ఒక పిల్ల, పక్కింటి వాళ్ళ బైబిల్లో తోబీతు గ్రంథం ఎందుకు లేదని అడిగింది. మనది 73 పుస్తకాలు, వాళ్ళది 66 అని చెప్పి, ఎందుకో చెప్పడానికి ఒక ఆదివారం పట్టింది. ఆ ప్రశ్న బయట నలుగురు పిల్లల మధ్య వచ్చింది. ఇంట్లో కూర్చుంటే వచ్చేది కాదేమో.

కొబ్బరితోట నాన్న:
పేట తమ్ముడూ, నీ పలక మాట రాత్రంతా తిరిగింది బుర్రలో.

ఒప్పుకుంటా. మావాళ్ళు ఆడుకునేది మా వీధి పిల్లలతోనే, మా వీధి ఎవరిదో నీకు తెలుసు. ఆదివారం పూజ అయ్యాక సత్యోపదేశంలో పేట పిల్లలతో కూర్చుంటారు, అది గంట. వారానికి ఒక్క గంట. మొన్న వాళ్ళని మీ స్నేహితులెవర్రా అంటే చెప్పిన నాలుగు పేర్లూ మా చుట్టాలవే. నేను బడిలో చదివినప్పుడు నా పక్క బెంచీ వాడు మా పాలేరు కొడుకు, ఇప్పటికీ వాడు నన్ను అరేయ్ అనే పిలుస్తాడు. మా పిల్లల్ని అరేయ్ అనేవాళ్ళు పేటలో లేరు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

కానీ ఒకటి. పెద్దాడికి ఒకటో తరగతిలో ఒక ప్రైవేటు స్కూల్లో చేతి మీద స్కేలు విరిగింది. ఏం చేశావురా అంటే, తెలుగులో మాట్లాడానన్నాడు. మేం బయటికొచ్చింది దానికి. పొగరుకి కాదు.

పేట కుర్రోడు:
స్కేలు సంగతి నాకు తెలీదు అన్నయ్యా. అది జరిగితే నేనూ మాన్పించేవాణ్ణేమో. పక్క బడికి మాత్రం పంపేవాణ్ణి.

ఓపెన్‌లో టెంత్:
నేను ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లోనే చదివి, ఓపెన్‌లో టెంత్ రాశాను. ఇప్పుడు నర్సింగ్ మూడో ఏడు. లోటు ఏమీ రాలేదు. ఇంటర్‌లో చేరినప్పుడు కాలేజీ గుమాస్తా దరఖాస్తు వెనక్కి తోసి "టీసీ ఏది?" అన్నాడు, మార్కుల మెమో చూపించి, దాని వెనక ఉన్న నిబంధన చదివి వినిపిస్తే తీసుకున్నాడు. మా అమ్మ పాఠాలు నాకు ఇష్టం. కానీ ఇప్పటికీ హాస్టల్లో అందరూ టెన్త్ ఫేర్‌వెల్ ఫొటోలు చూసుకుంటుంటే నేను ఫోను సర్దుకుంటున్నట్టు నటిస్తాను. అంతే.

లంకూరి అమ్మ:
అందరికీ థాంక్స్. ఇళ్ళు లెక్కపెట్టాను. మా ఊళ్ళో మనవాళ్ళు మూడు గడపలు. ఒకరు గల్ఫ్‌లో, తాళం వేసి ఉంది.

ఆయనతో మాట్లాడాను. ఇంటి చదువు వద్దనుకున్నాం, ఇప్పటికి. సిస్టర్స్ బడి తొమ్మిదింటికి, ఆటోలో పావుగంట. పేరు లేని స్కూలని మా ఆడపడుచు మూతి విరుస్తోంది. సాయంత్రం నాలుగున్నరకి ఇంట్లో ఉంటారు, ఆ రెండు గంటలు నావి. సత్యోపదేశం నేనే చెప్తా, ఉపదేశి గారూ, మీ దగ్గర పిల్లల పుస్తకం ఉంటే చెప్పండి. మార్చి 25కి నిర్మలగిరి మరియమాత పండక్కి వెళ్ళేలోపు పాపకి పరలోక జపం, మంగళవార్త జపం రెండూ పూర్తిగా రావాలని పందెం కట్టుకున్నాం. కొబ్బరితోట గారూ, మీ తోటలో దింపు ఎప్పుడో చెప్తే ఒకరోజు పిల్లల్ని తీసుకొస్తా.

ఒకటే టెన్షన్. పాత స్కూలు వాళ్ళు, ఏడాది ఫీజు మొత్తం కడితేనే టీసీ అంటున్నారు.

రిటైర్డ్ మాస్టారు:
అడిగింది నోటిమాటగానా, కాగితం మీదా? దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. బడి మారే పిల్లలకి టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 5లో ఉంది. ఇవ్వకపోతే మండల విద్యాశాఖాధికారికి ఆ రెండో కాపీ జతచేసి పెట్టండి.

సిస్టర్స్ దగ్గర మాత్రం సెక్షన్లు చదవకండి. మైనారిటీ బడులకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. సోమవారం పొద్దున్నే వెళ్ళి హెడ్మిస్ట్రెస్ సిస్టర్‌ని కలిసి ఉన్న విషయం చెప్పండి. పాపని వెంట తీసుకెళ్ళండి. ముందు ఇడ్లీ తినిపించి.