సైలెన్సర్, రీమ్యాప్, ఎయిర్ ఫిల్టర్: రోడ్డు మీద తిరిగే బండికి ఇవన్నీ చట్టప్రకారం వేసుకోవచ్చా?

రేణిగుంట_రోడ్_200

అందరికీ నమస్తే. ఉండేది తిరుచానూరు, పని రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో, షిఫ్టు ఏదైనా పోయేది వచ్చేది బండి మీదే. 200 సీసీ, 2021 మోడల్, బీఎస్-6 (పొగ ప్రమాణం) బండి. బండితో ఇబ్బందేం లేదు కానీ హైవే ఎక్కి లారీని దాటేటప్పుడు ఇంకొంచెం ఊపు ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఊళ్ళో ఒక మెకానిక్కుని అడిగితే ప్యాకేజీ చెప్పాడు: ఫుల్ సిస్టమ్ ఎగ్జాస్ట్, కడిగి వాడుకునే ఎయిర్ ఫిల్టర్, దాంతోపాటు ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజనుకి పెట్రోలు లెక్క చూసే కంప్యూటర్లో ఆ లెక్క మార్చడం. మూడూ కలిపి చేస్తేనే తేడా తెలుస్తుందంట. లీగల్‌గా ఏమైనా అవుతుందా అంటే, "ఇవన్నీ ఆన్‌లైన్‌లో జీఎస్టీ బిల్లుతో అమ్ముతున్నారు, అమ్మేదానికి లేని తప్పు నువ్వు వేసుకుంటే ఎట్లా వస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం. సౌండ్ ఎక్కువ రాకుండా లోపల డీబీ కిల్లర్ పెట్టుకుంటే సరిపోతుందా? రీమ్యాప్ బయటికి కనిపించదు కదా, అదైనా తప్పేనా? రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమంటారు? ఇంట్లో ఈ బండి మీద ఆధారపడేవాళ్ళు ఉన్నారు, సీజ్ అయితే నా డ్యూటీ ఆగిపోతుంది, అందుకే డబ్బు పెట్టక ముందే అడుగుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిత్తూరు_క్లెయిమ్స్

తమ్ముడూ, చిత్తూరులో యాక్సిడెంట్ క్లెయిమ్ కేసులు చూసే వకీలు దగ్గర పనిచేస్తాను, రోజూ ఈ కాగితాలే చూస్తుంటా కాబట్టి చెబుతున్నా. ముందు అసలు సెక్షను తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టుగా యజమాని బండిని మార్చకూడదు, దాని సారాంశం ఇంతే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది, అక్కడి హైకోర్టు కొంచెం సడలించి ఇచ్చిన తీర్పుని పక్కనపెట్టి మరీ చెప్పింది. కంపెనీ ఒక నమూనా బండిని టెస్టుకి పంపి, ఆమోదం తెచ్చుకుని, అదే నమూనాలో మిగతావన్నీ తయారుచేస్తుంది. మనం ఆ నమూనా నుంచి పక్కకు పోకూడదు.

ఇప్పుడు శిక్ష సంగతి. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు సెక్షన్ 182ఏని కొత్తగా మార్చి రాశారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకీ అన్న మాట బాగా గమనించు, నీ మెకానిక్ చెప్పిన ప్యాకేజీలో మూడున్నాయి. ఇది కాక శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) వేరేగా ఉంది, దాంట్లో మొదటిసారికే మూడు నెలల దాకా జైలో, 10,000 దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు, పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. రోడ్డు మీద ఆపిన ప్రతివాడినీ జైల్లో వేస్తారని కాదు, చలానా రాసి సైలెన్సర్ పీకించి పంపడమే ఎక్కువ. కానీ "చట్టప్రకారం వేసుకోవచ్చా" అని అడిగావు కాబట్టి సమాధానం వేసుకోకూడదనే.

అమ్మేదానికి లేని తప్పు అన్నాడు చూడు, ఆ మాటతోనే చాలామంది బోల్తా పడతారు. రేసు ట్రాకు మీద వాడే సామాను కూడా బజార్లో బిల్లుతోనే అమ్ముతారు. ఆ బిల్లు నువ్వు దొంగసొత్తు కొనలేదని చెబుతుందే గానీ రోడ్డు మీద తిప్పుకోమని చెప్పదు. పెట్టె మీదో గ్యారంటీ కార్డు మీదో చిన్న అక్షరాల్లో "రేసింగ్ వాడకానికి మాత్రమే" అని ఉంటుంది, ఒకసారి తిప్పి చూడు.

ఇన్సూరెన్స్ గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. థర్డ్ పార్టీ వేరు, సొంత బండి డ్యామేజీ వేరు. సొంత డ్యామేజీకి క్లెయిమ్ పెడితే సర్వేయర్ వచ్చి బండిని నాలుగు పక్కలా ఫోటోలు తీస్తాడు, సైలెన్సర్ కంపెనీది కాదని తెలుసుకోవడానికి ఆయనకు నిమిషం పట్టదు. పాలసీ తీసుకున్నప్పుడు ఈ మార్పు చెప్పారా అని అడుగుతారు. చెప్పలేదు అంటే క్లెయిమ్ కోతపెట్టడానికో తిరగ్గొట్టడానికో వాళ్ళ చేతికి కారణం ఇచ్చినట్టే. థర్డ్ పార్టీ దగ్గర అవతలివాళ్ళకి పరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి అంత సులభం కాదు, చట్టం వాళ్ళకి ఇచ్చిన కారణాలు చాలా కొన్నే. కానీ కేసు నడిచినన్నాళ్ళు నీ బండి ఫోటోలు కోర్టులో ఉంటాయి, "స్పీడు కోసం బండిని మార్చుకున్నాడు" అని అవతలి వకీలు అంటాడు, తప్పెవరిదో తేల్చే దగ్గర ఆ మాట బరువు నీ మీద పడుతుంది.

ఎస్వీయూ_కుర్రోడు

అన్నా మీరు చెప్పింది కాగితం మీద కరెక్టే కావచ్చు, కానీ లీలామహల్ సర్కిల్ దగ్గర సాయంత్రం పది నిమిషాలు నిలబడి చూడండి, ప్రతి రెండో బుల్లెట్‌కీ బయటి సైలెన్సరే ఉంటుంది. ఎవరిని పట్టుకుంటున్నారు? అడిగిన అన్న సౌండ్ కోసం కాదు, పికప్ కోసం అడుగుతున్నాడు. డీబీ కిల్లర్ పెట్టుకుని సౌండ్ కంపెనీదానికి దగ్గరగా ఉంచుకుంటే పోలీసులకు కూడా ప్రాబ్లం ఉండదనే నా ఉద్దేశం. రీమ్యాప్ అయితే ల్యాప్‌టాప్ పెడితే తప్ప ఎవరికీ తెలీదు.

పాత_కార్బ్యురేటర్

కుర్రోడా, పట్టుకోకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు. స్పెషల్ డ్రైవ్ పెట్టిన వారం బయటికి వస్తే తెలుస్తుంది, ఊడదీసిన సైలెన్సర్లన్నీ వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు ఎన్ని ఊళ్ళవి రాలేదు?

నేను బళ్ళు రిపేరు చేసే మనిషినే, కార్బ్యురేటర్ కాలం నుంచీ చేస్తున్నా, కాబట్టి సౌండు పక్కనపెట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా. బీఎస్-6 బండి సైలెన్సర్ అంటే సౌండు తగ్గించే డబ్బా మాత్రమే కాదు. ఇంజను నుంచి పైపు దిగి వచ్చే దారిలో ఒక దగ్గర లావుగా ఉబ్బి ఉంటుంది, అదే క్యాటలిటిక్ కన్వర్టర్. కోసి చూస్తే లోపల తేనెపట్టు మాదిరి సన్న సన్న గదులు, వాటికి ఖరీదైన లోహాల పూత, విషవాయువులు ఆ పూత మీదుగా పోయేటప్పుడే విరుగుతాయి. దానికి ముందు పైపులోకి మరతో బిగించిన ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, వైరు పైకి పోయి ఈసీయూకి కలుస్తుంది. ఫుల్ సిస్టమ్ వేయడమంటే ఈ మొత్తం ఊడదీసి ఉత్త గొట్టం పెట్టడం. డీబీ కిల్లర్ ఆ గొట్టం మూతిలో ఒక స్క్రూతో నిలబడే చిన్న పైపు. సౌండు కొంత తగ్గిస్తుంది గానీ పొగకి అది చేసేదేం లేదు, స్క్రూ తీస్తే అర నిమిషంలో చేతికొస్తుంది, చెకింగ్ చేసేవాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు. కాబట్టి సౌండు తగ్గించుకుంటే చాలు అన్నది చెల్లదు.

శబ్దానికి కూడా లెక్కుంది. కంపెనీ బండిని టెస్టు చేసేటప్పుడు 80 నుంచి 175 సీసీ దాకా 77 డెసిబెల్స్, 175 దాటితే 80 డెసిబెల్స్ మించకూడదు. నీది 200 కాబట్టి 80. బయటి సైలెన్సర్ ఆ లెక్కకి చేసింది కాదు.

ఇక రీమ్యాప్. గొట్టం ఖాళీ అయి గాలి ఎక్కువ పోతే ఇంజనులో పెట్రోలు పాలు తగ్గుతుంది. మామూలుగా పోయేటప్పుడు సెన్సర్ చూసి ఈసీయూ సర్దుకుంటుంది, పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మాత్రం ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పోస్తుంది, అక్కడ తక్కువ పడి ఇంజను వేడెక్కుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు పటపటా పేలేది కూడా ఈ గోల వల్లే, దాన్ని జనం పవరనుకుంటారు. ఆ లోటు పూడ్చడానికే రీమ్యాప్ చేస్తారు. ఆ పని చేస్తూ చాలామంది సెన్సర్ని పక్కకు తప్పించి, చెక్ ఇంజన్ లైటు వెలగకుండా ఒక డమ్మీ పెడతారు. అంటే పొగని అదుపుచేసే ఏర్పాటుని నువ్వే కావాలని ఆపినట్టు. బయటికి కనిపించకపోయినా తప్పు తప్పే. ఇంతా చేస్తే 200 సీసీ బండికి చక్రం దగ్గర వచ్చేది ఒకటో రెండో హార్స్‌పవర్. లారీని దాటేదానికి అది ఏ మూలకొస్తుంది?

పొల్యూషన్ సర్టిఫికెట్ నేను చూసుకుంటా అన్నాడంటే దానర్థం నీకు తెలుసు. సరిగ్గా పైపులో ప్రోబు పెట్టి కొలిస్తే వచ్చేది అయితే ఆయన చూసుకునేదేం ఉంది?

పుత్తూరు_టు_శాన్‌హోసే

ఇక్కడ కాలిఫోర్నియాలో ఎట్లా ఉందో చెప్తాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద పొగని అదుపుచేసే పార్టుల్ని తీసేయడం, పనిచేయకుండా చేయడం నేరం, దేశమంతా ఇదే. కాలిఫోర్నియాలో ఇంకా పట్టింపు, ఇక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు టెస్టు చేసి మినహాయింపు నంబరు ఇచ్చిన పార్టు మాత్రమే రోడ్డు బండికి వేయాలి. అది కూడా ఏ మోడల్‌కి ఇచ్చారో దానికే. 2013 నుంచి తయారైన బండికి శబ్దం ప్రమాణం స్టాంపు ఉన్న సైలెన్సరే ఉండాలి. 2016లో హార్లే డేవిడ్‌సన్ కంపెనీనే ఈ విషయంలో 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది, పొగ ఎక్కువయ్యే ట్యూనర్ పరికరాలు అమ్మినందుకు, సుమారు 3,40,000 పరికరాలు. రేసింగ్‌కి మాత్రమే అని చెప్పుకున్నా ప్రభుత్వం వినలేదు.

మనకీ ఇక్కడికీ తేడా ఏంటంటే, ఇక్కడ ఆమోదం పొందిన పార్టు అని ఒకటి కొనుక్కునే దారుంది. యూరప్‌లో కూడా పైపు మీద ఇంగ్లిషు 'E' అక్షరంతో ఆమోద గుర్తు కొట్టి ఉంటుంది. మన దగ్గర ఆ గుర్తు చూపించి "యూరప్‌లో లీగల్ సార్" అంటే నడవదు, అది అక్కడి రోడ్లకి ఇచ్చిన ఆమోదం.

అలిపిరి_రోడ్_నర్సు

నేను బండ్ల గురించి చెప్పలేను, శబ్దం గురించి చెబుతాను. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు రెండూ ఉన్న రోడ్డు ఇది. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించొచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది, అట్లా ప్రకటించిన చోట రాత్రిపూట 40 డెసిబెల్స్ దాటకూడదు. నైట్ డ్యూటీలో పేషెంటు అప్పుడే కళ్ళు మూసుకుంటాడు, రోడ్డు మీద ఒక్క బండి పోతుంది, వార్డులో సగం మంది ఉలిక్కిపడి లేస్తారు. ఆపరేషన్ అయి పొట్ట మీద కుట్లున్నవాళ్ళు ఉలిక్కిపడితే ఎంత నొప్పో మీకు తెలీదు, చంటిపిల్లల తల్లులు మళ్ళీ గంటసేపు జోకొట్టాలి. ఎస్వీయూ తమ్ముడూ, పోలీసులు పట్టుకుంటారా లేదా అన్నది తర్వాత, ముందు ఇది ఆలోచించు.

రేణిగుంట_రోడ్_200

అందరికీ చాలా థాంక్స్. ప్యాకేజీ వద్దని మెకానిక్కుకి ఫోన్ చేసి చెప్పేశా. ఇంకొక్క డౌట్. అసలేమీ మార్చకూడదా? టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ లాంటివి కూడా సెక్షన్ 52లోకి వస్తాయా?

చిత్తూరు_క్లెయిమ్స్

అరిగిపోయిన వస్తువు స్థానంలో అదే సైజుది వేసుకుంటే మార్పు కాదు, అది మామూలు రిపేరు. టైరు కంపెనీ చెప్పిన సైజులో, అంతే లోడ్ రేటింగ్‌లో మంచి గ్రిప్ ఉన్నది వేసుకో, ఎవరూ ఏమీ అనరు. బోర్ కిట్ వేసి సీసీ పెంచడం మాత్రం కలలో కూడా వద్దు, ఆర్సీలో ఉన్న సీసీకి ఇంజనుకి పొంతన లేకుండా పోతుంది. ఇంజను చెడిపోయి మార్చాల్సి వచ్చినా, బండి రంగు మార్చినా ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి.

పాత_కార్బ్యురేటర్

ఎయిర్ ఫిల్టరు కంపెనీ డబ్బాలోనే కూర్చునేది అయితే దాంతో పెద్ద గొడవ ఉండదు, డబ్బా పీకేసి బయట తగిలించే కోన్ ఫిల్టరు వద్దు, వానలో నీళ్ళు నేరుగా లోపలికి పోతాయి. స్ప్రాకెట్ పళ్ళు మార్చవద్దు తమ్ముడూ, పికప్ వస్తుంది గానీ హైవేలో ఇంజను అరుస్తుంది, కొన్ని బళ్ళల్లో స్పీడోమీటరు కూడా తప్పు చూపిస్తుంది.

నీ బండికి ఊపు తగ్గిందంటే నేనైతే ముందు చూసేవి వేరే. చైను ఎంత సాగింది, క్లచ్ ప్లేట్లు జారుతున్నాయా, వాల్వ్ క్లియరెన్స్ ఎప్పుడు చూశారు, ఎయిర్ ఫిల్టర్లో దుమ్ము ఎంత, టైర్లో గాలి ఎంత. ఇవి సరిచేస్తే పోయిన బలం చాలా వరకు తిరిగొస్తుంది, ఖర్చు ఆ ప్యాకేజీలో పదో వంతు కూడా కాదు. లారీని దాటేటప్పుడు ఒక గేరు తగ్గించి అప్పుడు లాగు, 200 సీసీకి బలమంతా పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది. కొండ మీదికి పోయేటప్పుడైతే వేగమే అక్కర్లేదు, అలిపిరిలో టైము వేసి 28 నిమిషాలకి ముందు పైకి చేరకూడదని, దిగేటప్పుడు 40 నిమిషాలకి తగ్గకూడదని టీటీడీ పెట్టిన రూలు ఉండనే ఉంది.

స్పీడు సరదా నిజంగా తీర్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, మనకి రెండు మూడు గంటల దారి. ట్రాక్ డే పెట్టినప్పుడు ఫీజు కట్టి లెదర్ సూటు, గ్లవ్స్ వేసుకుని దిగు. ఒకటి గుర్తుపెట్టుకో, రేసింగు, స్పీడ్ టెస్టులకి నీ రోడ్డు పాలసీ వర్తించదు, అక్కడ పడితే ఖర్చు నీదే, కాబట్టి పోయే ముందు పాలసీ కాగితంలో మినహాయింపులు ఉన్న పేజీ చదువుకుని పో. ఆదివారం తీరికుంటే బండి తీసుకురా, చైను, వాల్వులు నేను చూస్తా.