45 మీటర్ల డైవ్, ఒకే డెకో సిలిండర్: 50 శాతం ఆక్సిజనా, 80నా, ప్యూర్ ఆక్సిజనా?

పెన్నా_ఒడ్డు:
కృష్ణపట్నం నుంచి పడవలో బాగా లోపలికి పోతే దొరికే 45 మీటర్ల లోతు. అడుగున 25 నిమిషాలు. వీపున జంట 12 లీటర్లు, పక్కన 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్ ఒక్కటే. ఇద్దరం, కోర్సులు అయిపోయినాయి. ఊళ్ళో కంప్రెసర్, మెడికల్ ఆక్సిజన్ పెద్ద సిలిండర్లు ఉన్నాయి, సిలిండర్లో పీడనం పెంచే బూస్టర్ లేదు. హీలియం రేటు చూస్తే గాలితోనే దిగుదామా అనిపిస్తా ఉంది. డెకోకి, అంటే పైకి వచ్చేటప్పుడు ఒంట్లో కరిగిన గ్యాస్ వదిలించుకోను మధ్యలో ఆగేదానికి, ఏది మేలన్నా?

ఉప్పుటేరు:
తమ్ముడూ, డెకో సంగతి తర్వాత. ముందు గాలి ఆలోచన మానుకో. 45 మీటర్ల దగ్గర 5.5 బార్, గాలి సాంద్రత లీటరుకి 7 గ్రాములు దాటుద్ది. 5.2 లోపల ఉండాలి, 6.2 దాటకూడదు అనేది ఇప్పుడు అందరూ పాటించే లెక్క. అది దాటితే ఊపిరి బరువెక్కి కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో నిలబడిపోద్ది, మత్తు దాని మీద అదనం. 21/35 ట్రైమిక్స్ (21 శాతం ఆక్సిజన్, 35 హీలియం, మిగతా నైట్రోజన్) అయితే సుమారు 5 గ్రాములు.

డెకోకి ఒక్కటే అంటే నా ఓటు 50కే. 21 మీటర్ల దగ్గర్నుంచే మొదలవుద్ది, అక్కడ ఆక్సిజన్ పీడనం 1.55. 21/35 నుంచి మారినప్పుడు నైట్రోజన్ 44 నుంచి 50కే పెరుగుద్ది, అంటే 6. తగ్గిన హీలియం 35లో అయిదో వంతు 7. నైట్రోజన్ పెరిగేది ఆ అయిదో వంతు దాటకూడదనేదే హద్దు, దాని లోపలే ఉన్నావు.

పీల్చేది నిమిషానికి 20 లీటర్లు, సగటున 2 బార్, 25 నిమిషాలు అనుకుంటే 1000 లీటర్లు. ఒకటిన్నర రెట్లు 1500. 11.1 లీటర్లని 150 బార్‌కి నింపితే 1665, సరిపోద్ది. నీ ప్లానర్ (డెకో లెక్కేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చే నిమిషాలతో మళ్ళీ లెక్కేసుకో.

కొత్తపట్నం_గాలి:
అన్నా, 6 మీటర్ల దగ్గర ప్యూర్ ఆక్సిజన్ పనితనం వేరు, అక్కడే ఎక్కువ డెకో ఉంటది. బూస్టర్ లేకపోయినా ఇబ్బంది లేదు: 46.7 లీటర్ల మెడికల్ సిలిండర్ 150 బార్ నిండుగా ఉంటే, 11.1తో సమం చేస్తే 121 బార్ వస్తది, అంటే 1340 లీటర్లు. 6 మీటర్ల దగ్గర నిమిషానికి 32 లీటర్లు, 15 నిమిషాలకి 480, ఒకటిన్నర రెట్లయినా 720. ఆక్సిజన్ పీడనం 1.6 దగ్గర నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) హద్దు 45 నిమిషాలు, అందులో మూడో వంతే వాడతావు.

చిక్కల్లా అలలతోనే. లంగరు తాడు పట్టుకుని ఆగితే అల నిన్ను 8 మీటర్లకి లాగుద్ది, ఆక్సిజన్ 1.8 అవుద్ది. తాడు వదిలి, బోయ్ కింద తేలుతా 5 మీటర్ల దగ్గర ఆగు. సముద్రం బాగా ఊగే రోజైతే ఉప్పుటేరు అన్న మాటే రైటు.

80 ఎందుకంటే అల లాగినా 8 మీటర్ల దగ్గర 1.44 కాబట్టి. కానీ 9 మీటర్లకి వచ్చేదాకా దాన్ని వాడలేవు. కలపాల్సిన శ్రమ ఎటూ ఉన్నప్పుడు 50 కలుపుకో.

ఉప్పుటేరు:
కలపడానికి: సిలిండరూ వాల్వూ ఆక్సిజన్‌కి శుభ్రం చేసినవై ఉండాలి, మామూలు గ్రీజు వద్దు. ఖాళీలో 55 బార్ ఆక్సిజన్, నిమిషానికి 5 బార్ చొప్పున నిదానంగా. తర్వాత 150 దాకా గాలి. కంప్రెసర్ గాలిలో నూనె ఘనపు మీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు, మామూలు ఫిల్టర్‌ని నమ్మొద్దు.

మన మే ఎండలో నింపితే తప్పు ఇక్కడ జరుగుద్ది: వేడిగా 55 చూపించిన గేజి 20 డిగ్రీలు చల్లారితే 51కి పడుద్ది, మిశ్రమం 48 దగ్గరే ఆగుద్ది. నీడలో చల్లార్చి సరిచేసి, అప్పుడు గాలి పెట్టు. మామూలు గాలిలో 20.9 చూపించాకే ఎనలైజర్‌ని (ఆక్సిజన్ శాతం కొలిచేదాన్ని) నమ్ము. సిలిండర్ మీద "21 మీ" అని అరచెయ్యంత అక్షరాలు.

పెన్నా_ఒడ్డు:
సరే 50కే పోతా. డెకో సిలిండర్ ఊడిపోతే?

ఉప్పుటేరు:
వీపున ఉన్న 21/35తోనే మొత్తం డెకో పూర్తయ్యేలా రెండో ప్లాన్ వేసి స్లేట్ మీద రాసుకో. ఆ గ్యాస్ రిజర్వులో లేకపోతే అడుగున 25ని 18కి తగ్గించు. మార్చే ముందు లోతు చూడు, గొట్టం చివర దాకా చేత్తో తడుము, నీ జతగాడు తల ఊపాకే నోట్లో పెట్టుకో. పెన్నా బురద కలిసే రోజుల్లో కంటికి ఏదీ ఆనదు.