రోజంతా సైకిల్ తొక్కిన రాత్రి నిద్ర పట్టకపోతే దూరం తగ్గించుకోవాలా, పద్ధతి మార్చుకోవాలా?

మణికొండ వాసి:

ముందు జరిగింది చెప్పి, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాను. గత ఆదివారం తెల్లవారుజామున 4:30కు నలుగురం బయలుదేరి, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడల మీదుగా అనంతగిరి కొండ ఎక్కి, అదే దారిన 11:30కల్లా ఇంటికి చేరాము. పోనూ రానూ దాదాపు 150 కిలోమీటర్లు. ఆ రాత్రి 10 గంటలకు పడుకుంటే 3 దాటేదాకా కన్ను మూతపడలేదు. మనసులో ఏ దిగులూ లేదు, కాళ్ల నొప్పులు కూడా భరించలేనంతగా లేవు. అయినా దిండుకు చెవి ఆనించగానే గుండె చప్పుడు వినిపిస్తోంది, అరికాళ్లకు దుప్పటి తగిలితే చాలు చిరాకు పుడుతోంది. మామూలుగా పడుకున్నాక 54 దగ్గర ఉండే నాడి ఆ రాత్రి ఒంటిగంటకు 76 ఉంది. చివరికి లేచి వెళ్లి హాల్లో చల్లటి బండల మీద వెల్లకిలా పడుకున్నాను.

ఇలా జరగడం ఇది నాలుగోసారి. 60 కిలోమీటర్ల లోపు తొక్కిన రోజుల్లో మాత్రం పడుకోగానే నిద్ర పడుతుంది. "ఒళ్లు వద్దంటోంది, నువ్వే వినడం లేదు" అని మా అమ్మ అంటోంది. అలవాటైతే అదే సర్దుకుంటుందని తోటి సైక్లిస్టులు అంటున్నారు. జనవరిలో 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే నిర్ణీత గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం, తొక్కాలని నా కోరిక. దూరమే నాకు సరిపడటం లేదా, లేక నేను చేస్తున్న పొరపాటు ఏదైనా ఉందా? ఈ ఇబ్బంది పడినవారు కారణాలతో సహా చెప్పగలరు.

బొల్లారం:

మీ అమ్మగారు చెప్పినదే సరైన మాట అని నా అభిప్రాయం. నాకిప్పుడు 46 ఏళ్లు. రెండేళ్లపాటు 300, 400 కిలోమీటర్ల బ్రెవేలు తొక్కాను. ప్రతిసారీ రెండు రాత్రులు నిద్ర చెడేది, మూడో రోజు ఆఫీసులో చిన్న మాటకే కోపం వచ్చేది. నాకూ అలవాటైపోతుందనే చెప్పారు, కానీ రెండేళ్లలో కాలేదు. దూరాన్ని 80 కిలోమీటర్లకు తగ్గించాక నిద్ర మళ్లీ దారిలో పడింది. ఆరోగ్యం కోసమే తొక్కుతున్నామని చెప్పుకునే మనం, ఆరోగ్యానికి మొదటి గుర్తు అయిన నిద్రనే పోగొట్టుకుని తొక్కడంలో అర్థం లేదు. శరీరం తాను మోయగలిగినంత పని చేసిన రోజున నిద్ర తనంతట తానే వస్తుంది. అలా రాలేదంటే ఆ పని మోతాదు మించిందని లెక్క.

అల్వాల్ అక్క:

బొల్లారం గారి అనుభవాన్ని కాదనను కానీ, ఆయన తేల్చిన విషయాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఎనిమిదేళ్లుగా దూరాలు తొక్కుతున్నాను. నిద్రలేని రాత్రికి పునాది పడకగదిలో కాదు, ఉదయం 8 గంటలకు దారిలోనే పడుతుందని నాకు బాగా తెలిసింది. మణికొండ వాసి గారూ, ముందు రోజు రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా మీరు ఏం తిన్నారో, ఏం తాగారో, ఎన్ని గంటలకో వదలకుండా రాయండి. అది తెలియకుండా మిమ్మల్ని దూరం తగ్గించుకొమ్మనడం తొందరపాటే అవుతుంది.

మణికొండ వాసి:

అక్కా, గుర్తున్నంతవరకు రాస్తున్నాను. శనివారం రాత్రి 11:30కు పడుకుని 3:30కు లేచాను. ఖాళీ కడుపుతోనే బయలుదేరాను. చేవెళ్లలో ఒక చాయ్, వికారాబాద్‌లో మూడు ఇడ్లీలు, ఇంకో చాయ్. తిరుగు దారిలో 10 గంటలకు కెఫీన్ ఉన్న జెల్ ఒకటి. మొత్తం మీద నీళ్లు రెండు బాటిళ్లు, అంటే లీటరున్నర. ఇంటికి వచ్చాక ఆకలి వేయలేదు, పెరుగన్నం నాలుగు ముద్దలు తిని 1:30 నుంచి 4:30 దాకా నిద్రపోయాను. లేచాక తలనొప్పిగా ఉండి రెండు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగాను. రాత్రి 9 గంటలకు ఒక్కసారిగా ఆకలి వేసి బిర్యానీ తెప్పించుకున్నాను. ఆ రోజు వేసుకున్న నల్ల జెర్సీ వీపు మీద ఉప్పు తెల్లటి చారలు కట్టింది.

అల్వాల్ అక్క:

మీరు రాసిన లెక్కలోనే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు ఉంది. మొదట తిండి సంగతి చూద్దాం. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి మన ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో ఉండే పిండిపదార్థం నిల్వ దాదాపు 400 నుంచి 500 గ్రాములు. అందులో కాలేయంలో ఉండేది 100 గ్రాములే, రాత్రంతా రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కూడా ఆ కొంచెమే. ఏడు గంటల దారికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం వేసుకున్నా 200 గ్రాములకు తక్కువ కాకూడదు. మూడు ఇడ్లీలు, ఒక జెల్, రెండు చాయ్‌లలోని చక్కెర అన్నీ కలిపినా అందులో సగం కూడా రాదు. ఇంత లోటుతో ఇంటికి వచ్చి నాలుగు ముద్దలతో సరిపెట్టారు. నిల్వ తగ్గినప్పుడు చక్కెరను నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను ఆశ్రయిస్తుంది. గుండెను వేగంగా కొట్టించేవీ, మనిషిని మేల్కొలిపి ఉంచేవీ అవే. అలసటతో వాలిపోతున్నా నిద్ర రాకపోవడం ఇందుకే.

ఇక నీళ్లు, ఉప్పు. మీ జెర్సీ మీది తెల్ల చారలు చూస్తే మీ చెమటలో ఉప్పు బాగానే పోతోందనిపిస్తోంది. బయలుదేరే ముందూ, వచ్చిన వెంటనే బట్టలు మార్చుకునీ బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకూ ఇంచుమించు లీటరు నీరు పోయినట్టే. రక్తంలో నీరు తగ్గితే, అంతే రక్తాన్ని తిప్పడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మీ 76లో దీని వాటా కూడా ఉంది. అలాగని ఒట్టి నీళ్లు బిందెల కొద్దీ తాగవద్దు, రక్తంలో సోడియం పలచబడితే అది ఇంకా ప్రమాదం. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్‌ను లీటరు నీటిలో కలుపుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. అట్టపెట్టెల్లో తీపి పానీయాలను ఓఆర్‌ఎస్ అన్న పేరుతో అమ్మేవారు, వాటిని నమ్మి నేనూ ఒక వేసవంతా తాగాను. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడిన మీదట, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆవిడకు మనలాంటివాళ్లం కూడా రుణపడి ఉన్నాం.

మూడోది కెఫీన్. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే 4:30కు తాగిన కాఫీలో దాదాపు సగం మీరు పడుకునేటప్పటికి అలాగే ఉంది. ఆ తలనొప్పి కాఫీ లేక వచ్చినది కాదు, నీరు, ఉప్పు, తిండి లేక వచ్చినదని నా నమ్మకం. పైగా మూడు గంటల పగటి నిద్రతో రాత్రి రావలసిన నిద్రను ముందే వాడుకున్నారు. 30 నిమిషాలకు అలారం పెట్టుకుని లేచి ఉండవలసింది.

జనరల్ ఫిజీషియన్:

అల్వాల్ అక్క గారు చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి, కానీ తిండితోనే అంతా తేలిపోతుందనుకుంటే రెండు విషయాలు మరుగున పడతాయి. నిద్రలోకి జారడానికి శరీరం లోపలి వేడి కొంత తగ్గాలి. చేతులు, అరికాళ్ల చర్మంలోకి రక్తం చేరి ఆ వేడిని బయటికి వదులుతుంది. మణికొండ వాసి గారి అరికాళ్లు మండినట్టు ఉండటం, ఆయన బండల మీదికి వెళ్లి పడుకోవడం చూస్తే, శరీరం వేడిని దించుకోవడానికి తంటాలు పడుతోందని అర్థమవుతుంది. అంత శ్రమ తర్వాత కండరాల్లో ఏర్పడే సూక్ష్మమైన గాయాలను మాన్పే క్రమంలో సన్నటి జ్వరం వచ్చినట్టు అనిపించడం కూడా మామూలే. ఆపై రాత్రి 9 గంటలకు బిర్యానీ తింటే, దాన్ని అరిగించే పని ఆ వేడికి తోడవుతుంది. ఆ భోజనం మధ్యాహ్నం 12:30కు జరగాల్సింది.

పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని కంటే కొంచెం ఎక్కువ వేడి నీళ్లతో స్నానం చేయండి. వినడానికి తలకిందులుగా తోచినా, చర్మంలోకి రక్తం చేరి లోపలి వేడి త్వరగా దిగుతుంది. 40 నుంచి 42.5 డిగ్రీల నీటితో నిద్ర పట్టే సమయం తగ్గుతుందని టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 2019లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి చెప్పారు.

అయితే బొల్లారం గారి హెచ్చరికను తోసిపుచ్చకండి. మర్నాటికి కాకపోయినా మూడో రోజు ఉదయానికైనా నాడి మామూలు అంకెకు రావాలి. అప్పటికీ ఏడెనిమిది ఎక్కువే ఉండి, ఆకలి మందగించి, మెట్లెక్కితే కాళ్లు బరువెక్కుతుంటే కొన్ని వారాలు దూరం తగ్గించి తీరాలి. పడుకోగానే కాళ్లు కదపాలన్న కోరిక ఆగకపోతే ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి, ఇనుము నిల్వలు తగ్గినవారిలో అది తరచుగా కనిపిస్తుంది. గుండె లయ తప్పినట్టు అనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఇక్కడ అడగకుండా నేరుగా వైద్యుని దగ్గరికి వెళ్లండి.

నార్సింగి రాత్రిబాట:

నాది కొంచెం వేరే ఇబ్బంది. పగలు కుదరక, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద రాత్రి 8:30 నుంచి 10 దాకా గట్టిగా తొక్కుతాను. ఇంటికి వచ్చి 10:45కు పడుకుంటే 12:30 దాకా దొర్లుతూనే ఉంటాను. ఒక మందుల దుకాణంలో అడిగితే చీటీ కూడా చూడకుండా నిద్రకని ఆల్ప్రజోలామ్ మాత్రలు ఇచ్చారు. వాడవచ్చా?

జనరల్ ఫిజీషియన్:

వాడవద్దు. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కొద్ది వారాల్లోనే అలవాటు పడే ప్రమాదం ఉంది, ఆపగానే నిద్ర మునుపటి కంటే చెడుతుంది. మీకు మందు అవసరం కూడా లేదు. సాయంత్రం వ్యాయామం మంచి నిద్రకు అడ్డు కాదనీ, పడుకునే ముందు గంటలోపు ముగిసే తీవ్రమైన వ్యాయామంతో మాత్రమే ఇబ్బంది ఉండవచ్చనీ జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వారు 23 అధ్యయనాలను పరిశీలించి 2018లో రాశారు. మీరు గట్టిగా తొక్కే భాగాన్ని 9:15కల్లా ముగించి, మిగతా దూరం మెల్లగా తొక్కి, 11:15కు పడుకుని చూడండి.

బొల్లారం:

ఇక్కడ చెప్పినవన్నీ నేను కొత్తగా వింటున్నవి కావు. పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్లాను, ఉప్పు నీళ్లు తాగాను, మధ్యాహ్నం తర్వాత కాఫీ ముట్టలేదు. అయినా నిద్ర రాలేదు. అన్నీ పాటించినా రాని మనిషికి మీ దగ్గర ఉన్న జవాబేమిటి?

అల్వాల్ అక్క:

వేగం. మీతో వాదించడానికి కాదు, నేను అదే తప్పు మూడేళ్లు చేశాను కాబట్టి చెబుతున్నాను. 200 కిలోమీటర్ల బ్రెవేకు 13.5 గంటలు, 400కు 27 గంటలు ఇస్తారు. ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర లేదు. మణికొండ వాసి గారు 150 కిలోమీటర్లను ఏడు గంటల్లో ముగించారు, అంటే ఇడ్లీ తిన్న సమయంతో సహా 21 దాటింది. ముందు వెళ్లే చక్రాన్ని వదలకూడదన్న పట్టుదలతో మనం గంటల తరబడి రొప్పుతూ తొక్కుతాం. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో తొక్కిన 200 కంటే, రొప్పుతూ తొక్కిన 100 ఎక్కువగా నిద్ర చెడగొడుతుంది. మీరు 80కి తగ్గించినప్పుడు దూరంతో పాటు ఆ బృందాన్ని, ఆ వేగాన్ని కూడా వదిలేసి ఉంటారు కదా?

బొల్లారం:

వదిలేసిన మాట నిజమే. ఇప్పుడు మా అబ్బాయితో కలిసి తొక్కుతున్నాను. కానీ దానివల్లే నిద్ర వచ్చిందని మీరూ, దూరం తగ్గినందువల్ల వచ్చిందని నేనూ అనుకుంటున్నాం. రెండూ ఒకేసారి మారాయి కాబట్టి నా అనుభవం మీకూ సాక్ష్యం కాదు, నాకూ కాదు.

మణికొండ వాసి:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మొన్న ఆదివారం అదే అనంతగిరి దారిలో ఒంటరిగా వెళ్లాను. శనివారం 9 గంటలకే పడుకున్నాను. బయలుదేరే ముందు రెండు అరటిపండ్లు, ఆపై ప్రతి 40 నిమిషాలకు పల్లీ పట్టీయో, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంపో, పులిహోరో తిన్నాను. కొండ మీద చిన్న గేరులో, ముక్కుతో ఊపిరి తీసుకోగలిగినంత మెల్లగా ఎక్కాను. నాలుగు బాటిళ్లు తాగినా బరువు కిలో తగ్గింది. ఇంటికి వచ్చేసరికి 1:45 అయింది. వెంటనే పప్పు, అన్నం, మజ్జిగతో కడుపునిండా తిన్నాను. అరగంటే పడుకున్నాను, కాఫీ తాగలేదు, రాత్రి 8:30కు వేడి నీళ్లతో స్నానం చేశాను.

10:15కు పడుకుంటే 10:45 దాటిన తర్వాత ఏమీ గుర్తు లేదు. 4 గంటలకు ఒకసారి మెలకువ వచ్చింది, అప్పుడు నాడి 63 ఉంది. అంటే 54 కంటే ఇంకా ఎక్కువే. మంగళవారం ఉదయానికి 55కు వచ్చింది. అమ్మకు మాత్రం 63 అంకె నచ్చలేదు.

బొల్లారం:

మీరు నిద్రపోయినందుకు మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. అయినా ఇది ఒక్క రాత్రి, అది కూడా డిసెంబరు రాత్రి. కిటికీ తెరిస్తే గది చల్లబడే కాలంలో వేడి దించుకోవడం ఎవరికైనా తేలికే. ఏప్రిల్‌లో ఇదే దారిలో, ఇదే వేగంతో, ఇదే తిండితో మళ్లీ తొక్కి, ఆ రాత్రి నాడి ఎంతో కూడా ఇక్కడ రాయండి. అప్పటిదాకా మీ అమ్మగారి పక్షానే ఉంటాను.